సాలీడు మీద వేసిన నింద

ఈ మాట నేను ఇంట్లో చాలాసార్లు ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా కంచంలో పెరుగు వేశారు. మా వాళ్ళ పద్ధతి అది. వినడం ఇష్టంలేని మాట చెవిన పడగానే కంచంలోకి ఏదో ఒకటి వచ్చి పడుతుంది. "ముందు తినరా, తర్వాత మాట్లాడుదువుగాని" అంటుంది అమ్మ. తిన్న తర్వాత అందరూ చేతులు కడుక్కోవడానికి లేచిపోతారు. పెళ్ళిలో ఎత్తితే శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఇదేమిటన్నారు. చావింట్లో ఎత్తితే సమయం సందర్భం లేదా అన్నారు. పెళ్ళీ చావూ లేని మామూలు రోజున ఎత్తితే, హాయిగా ఉన్నాం కదా, ఇప్పుడెందుకన్నారు. మా ఇంట్లో నా పేరు పేచీకోరు. మేనకోడలు మాటలు నేర్చేటప్పుడే నన్ను 'పేచీ మావయ్య' అని పిలిచింది. దానికి ఆ పిలుపు ఎవరు నేర్పారో నాకు తెలుసు. మర్చిపోలేదు.

నోటితో చెబితే వినలేదు కాబట్టి రాస్తున్నాను. మా అక్క ఎడమ కన్ను పోయింది సాలీడు వల్ల కాదు. ఈ ఒక్క మాట మా పెదనాన్న నోటి నుంచి రావాలి. అక్క ముందు కూర్చుని, అక్క వినేలా ఆయన చెప్పాలి. నాకు కావలసింది ఇంతే. ఆస్తి అడగలేదు, వాటా అడగలేదు.

మాది దివిసీమ. కృష్ణ రెండుగా చీలి సముద్రంలోకి పోయే చోట, ఆ రెండు పాయల మధ్య ఇరుక్కున్న నేల. ఎటు పోవాలన్నా ఏరు దాటాలి. పులిగడ్డ దగ్గర దాటి చల్లపల్లి చేరితే అక్కణ్ణుంచి బందరు వెళ్ళొచ్చు, గుడివాడ వెళ్ళొచ్చు. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అక్కనూ నన్నూ పెంచింది పెదనాన్న. ఆయనకు పిల్లలు లేరు, పెద్దమ్మ కూడా ముందే పోయింది. అక్కంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి నేను దాచను. పొరుగూరికి పంపడం ఇష్టంలేక, గూడూరు దగ్గర ఒక పల్లె నుంచి బావను ఇల్లరికం తెచ్చి అక్కను ఇంట్లోనే ఉంచుకున్నాడు.

ఇల్లు పాతకాలపు పెంకుటిల్లు. తాటి దూలాలు, సున్నపు గోడలు. ఆ గోడల మీద సాలీళ్ళు ఉండేవి. మూలల్లో బూజు అల్లుకుని వేలాడే సన్నకాళ్ళవి కావు. ఇవి గోధుమరంగువి, పలకలా బల్లపరుపుగా ఉంటాయి, కాళ్ళు చాపితే అరచేయంత. గూడు కట్టవు. క్యాలెండరు వెనకో, దేవుడి పటం వెనకో, దూలం సందులోనో పగలంతా అణిగి ఉండి, దీపాలు పెట్టే వేళకు గోడ మీదకు వస్తాయి. మనం చూస్తున్నంతసేపూ కదలవు. కళ్ళు తిప్పి మళ్ళీ చూసేసరికి ఇంకో చోట ఉంటాయి. మనిషిని భయపెట్టేది అదే. ఆడ సాలీడు పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఒకటి పట్టుకుని తిరుగుతుంది. గుడ్లు అందులో ఉంటాయి. పిల్లలు బయటికి పోయాక ఆ ఖాళీ బిళ్ళ కాయితం పొరలా గోడకు అంటుకుని మిగిలిపోతుంది.

కోతల రోజుల్లో ఎవరి వేలైనా కొడవలికి తెగితే పెదనాన్న ఆ పొర ఒలిచి గాయానికి అంటించేవాడు. రక్తం కట్టేది. అబద్ధం చెప్పను, నా వేలికీ ఒకసారి కట్టింది. అందుకని నడవలో ఉత్తరపు గోడకు చీపురు తగలనిచ్చేవాడు కాదు. "అది మందుల గోడ, జోలికెళ్ళకండి" అనేవాడు.

ఆయన మందు అంతటితో ఆగలేదు. తేలు, జెర్రి, సాలీడు, ఏ పురుగు ముట్టినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. సాలీడు ఒంటిమీద పాకితే పొక్కులు లేస్తాయనీ, విషం లోపలికి దిగుతుందనీ మా వైపు అందరూ నమ్ముతారు. వచ్చినవాళ్ళకు పెదనాన్న ముందు ఒక వేపాకు రెబ్బ నమలడానికి ఇచ్చేవాడు. చేదు తెలిస్తే విషం లేనట్టు, ఇంటికి పొమ్మనేవాడు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు. అప్పుడు పెరట్లో ఏవో ఆకులు కోసి, నూరి, పసరు పట్టించి గుడ్డ కట్టేవాడు. ఏ ఆకులో ఎవరికీ చెప్పలేదు. కట్టు విప్పేదాకా పథ్యం ఉంటుంది. ఉప్పు తినకూడదు, తలంటుకోకూడదు, ఏరు దాటకూడదు. పారే నీళ్ళు దాటితే మందు ఆ నీళ్ళలోనే పోతుందనేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకుని ఉంటే ఎవరో ఒకరు నిలదీసేవాళ్ళు. ఊరికే చేసే మనిషిని ఏమని అడుగుతారు?

ఆ ఇంట్లో అక్క భయంతో పెరిగింది. స్నానానికి వెళ్ళేముందు చెంబుతో తలుపు మీద మోత మోగించి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికి తొంగిచూసేది. దండెం మీద చీర తీస్తే మూడుసార్లు దులిపేది. జాకెట్లు కుట్టేది అక్క. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు ఆమె తలలోనే ఉండేవి. కుట్టుమిషన్ని ఎవరైనా వెలుగు కోసం గోడవారగా, కిటికీ పక్కన పెట్టుకుంటారు. మా అక్క వసారాకు నట్టనడుమ పెట్టుకుంది, ఏ గోడకూ అందకుండా. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చుట్టి నడవాల్సి వచ్చేది.

ఇంటిల్లిపాదికీ అది నవ్వులాట. బావ మంచివాడే, కానీ హాస్యం ఎక్కడ ఆపాలో తెలియదు. కొబ్బరిపీచు ఉండచుట్టి, చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వచ్చి అక్క భుజం మీద వేసేవాడు.

"మీ పుట్టింటి చుట్టాలొచ్చారు. మంచినీళ్ళన్నా ఇవ్వవా?"

అక్క కెవ్వున అరిచి లేచేది. బల్ల మీద గుడ్డలన్నీ కింద పడేవి.

"ఊరుకోండి అల్లుడుగారూ, సూది వేల్లో దిగుద్ది" అని అమ్మ కోప్పడేది, కోప్పడుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"సూది దిగితే దిగనీయండత్తయ్యా. మందుల గోడ ఉందిగా, అంటిద్దాం" అనేవాడు బావ.

పెదనాన్న కూడా నవ్వేవాడు. "పిచ్చిమొహమా, ఇల్లు దానిది, మధ్యలో వచ్చింది నువ్వు. అదేం చేసుద్దే నిన్ను? ఒకవేళ పాకినా నేను లేనా?"

ఆ గోడకు సిమెంటు పూయించమని అక్క ఎన్నేళ్ళు అడిగిందో నాకు తెలుసు. నేను అప్పటికి గుడివాడలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పనికి చేరాను. ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక ఆదివారం పొడుగు కర్రకు చీపురు కట్టి నేనే గోడ దులపబోయాను. పెదనాన్న నా చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. పక్కింటివాళ్ళు చూస్తున్నారు. "గుడివాడలో మోటార్లకి తీగ చుట్టుకోరా. నా గోడ జోలికి రాకు" అన్నాడు. 'నా గోడ' అన్నాడు. మా నాన్నకు ఆ ఇంట్లో సగం ఉంది. అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

తొంభైల చివర్లో ఒక వేసవి. అక్కకు నుదురంతా మంట మొదలైంది. పైన ఏమీ కనపడదు, లోపల నిప్పు పెట్టినట్టుందనేది. ఒళ్ళు వెచ్చబడింది. అమ్మ వడదెబ్బ అనుకుని ఉల్లిపాయ రసం రాసింది. బావ "నీ చుట్టాలు లోపలికి కూడా దూరారా" అన్నాడు. రెండురోజులు పోయాక నుదుటి మీద ఎడమవైపు నీటిపొక్కులు లేచాయి. గుత్తులు గుత్తులుగా, కనుబొమ మీద నుంచి రెప్ప దాకా, ముక్కు కొన మీద కూడా ఒకటి.

"సాలీడు పాకిందమ్మా" అంది అక్క.

అంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో అక్క సాలీడు మాట ఎత్తితే నవ్వకుండా ఉన్నది అదే మొదలు.

ఆ ఆదివారం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వసారాలో పది మంది నిలబడి ఉన్నారు. మధ్యలో నులకమంచం మీద అక్క. ఆమె మిషన్ని ఒక పక్కకు, గోడవారకు జరిపేశారు. పెదనాన్న ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, వేపరెబ్బ తుంపి ఆమె చేతిలో పెట్టాడు.

"నమలమ్మా" అన్నాడు. పిచ్చిమొహం అనలేదు. అమ్మా అన్నాడు.

అక్క నమిలింది. కుడి కన్ను తెరిచి ఒక్కొక్కర్నీ చూసింది. పెదనాన్నను, అమ్మను, గడప మీద నిలబడ్డ బావను.

"చేదుందా?"

ఆకు బుగ్గన పెట్టుకుని కాసేపు ఉంది. "లేదు పెదనాన్నా" అంది.

అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. బావ మొహం పాలిపోయింది. పెదనాన్న ఆకుల కోసం పెరట్లోకి లేచాడు. నేను అడ్డం వెళ్ళాను.

"పెదనాన్నా, ఒక్కసారి సరిగ్గా చూడండి. పొక్కులన్నీ ఎడమ పక్కే ఉన్నాయి. బొట్టు దగ్గరకొచ్చి ఆగిపోయినయ్. ఇవతలికి ఒక్కటీ లేదు. పొలం గట్టు వేసినట్టుంది. సాలీడు గట్టు చూసుకుని పాకిందా?"

"మొదలెట్టాడయ్యా" అన్నారెవరో వెనక నుంచి.

"అది ఎటు పాకిందో దాన్నే అడుగుదువుగాని, పక్కకి తప్పుకో" అన్నాడు పెదనాన్న.

"బందరు తీసుకెళ్దాం. కంటి డాక్టరుకి చూపిద్దాం."

"ఆకు చేదు తెలియట్లేదని దాని నోటితో అది చెప్తంటే బందరెందుకురా? మందు పడ్డాక ఏరు దాటకూడదు."

"అయితే దివిలో ఉన్నవాళ్ళు డాక్టరు మొహం చూడకూడదా? ఎటు పోయినా ఏరేగా?"

"చూడొద్దని ఎవరన్నారు? మందు వేసుకోకముందు చూడొచ్చు."

"అయితే మందు వెయ్యకండి."

అప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "పెంచిన మనిషిరా. పదిమందిలో అట్టా అంటావా?" అంది. కంచం పెట్టి అన్నం వడ్డించింది.

తినకుండా లేచి బావను బావి దగ్గర పట్టుకున్నాను. "బావా, మీరు చెప్పండి. మీ భార్య. మీరు తీసుకెళ్తానంటే ఎవరు కాదంటారు?"

బావ చేద తాడు చుట్టుకుంటూ నావైపు చూడలేదు. "నేనీ ఇంట్లో అన్నం తినేవాణ్ణి బామ్మర్దీ. చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు. తర్వాత, చాలా మెల్లగా, "నిజంగానే పాకిందంటావా?" అని నన్నే అడిగాడు. కొబ్బరిపీచు గుర్తొచ్చిందనుకుంటాను.

ఆఖరికి అక్కనే అడిగాను. అప్పటికే కన్ను మీద ఆకుపచ్చ పసరు, పైన గుడ్డ. "నువ్వు వస్తానంటే నేను ఎత్తుకునైనా పోతాను" అన్నాను.

"కట్టు విప్పాక వెళ్దాంలేరా" అంది అక్క. "పెదనాన్న నా మాట నమ్మి మందు వేశాడు. ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటది?"

'నా మాట నమ్మి' అన్న ముక్క దగ్గర ఆమె గొంతు మారింది. అది మంట వల్ల అనుకున్నాను.

మర్నాడు గుడివాడ వెళ్ళిపోయాను. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కట్టు విప్పుతున్నారు. రెప్ప తెరుచుకోలేదు. అమ్మ గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి తుడిచి తెరిపిస్తే, నల్లగుడ్డు మీద పల్చటి తెల్లపొర. గోడ మీద ఖాళీ బిళ్ళలు ఉండేవే, సరిగ్గా ఆ రంగు. పెదనాన్న ఆమె కుడి కంటికి చెయ్యి అడ్డంపెట్టి వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. అక్క చెయ్యెక్కడుందని అడిగింది.

ఏరు దాటకూడదన్న మాట ఆ తర్వాత ఎవరూ అనలేదు. అక్కనూ బావనూ నన్నూ ఎక్కించడానికి పెదనాన్నే బస్సు దాకా వచ్చాడు. ఎక్కలేదు. బస్సు పులిగడ్డ దగ్గర ఏటి వంతెన మీదకు ఎక్కేటప్పుడు, తల మీద నుంచి చీర కప్పుకుని ఉన్న అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏరొచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. దాటేదాకా గట్టిగా పట్టుకునే ఉంది. దాటామని చెప్పాకే వదిలింది.

బందరులో కంటి డాక్టరు పెద్ద వయసాయన. అక్క గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సాలీడు పాకిందండీ" అన్నాడు బావ.

"పాకితే బొట్టుకు ఇటుపక్క ఎందుకు వదిలేసిందయ్యా?" అన్నాడు డాక్టరు.

నా మాటే. వసారాలో పదిమంది ముందు నేనన్న మాట. గెలిచినట్టు అనిపించాలి కదా. అనిపించలేదు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అమ్మా నీకు?"

"పోసిందండీ."

"అదే ఇది. తగ్గినట్టే తగ్గి ఒంట్లో దాక్కుని ఉంటుంది. ఇన్నేళ్ళకు ఒక నరం పట్టుకుని బయటికొచ్చింది. అందుకే ఆ నరం పోయినంతమేరా, ఒక పక్కే. సాలీడుకూ దీనికీ ఏం సంబంధం లేదు. ఇళ్ళల్లో తిరిగే ఆ పెద్దవి బొద్దింకల్ని తిని బతుకుతాయి. వాటికి మనిషంటే భయం." తర్వాత కన్ను మళ్ళీ చూసి, "పొక్కులు లేచిన వెంటనే వచ్చుంటే చూపు నిలబెట్టేవాళ్ళమేమో. పైగా దీంట్లో ఏం పోశారు?" అన్నాడు. ఆయన చీటీ రాసిచ్చాడు. నొప్పి తగ్గింది, పుండ్లు మానాయి. చూపు రాలేదు.

ఇంటికి వచ్చి డాక్టరు అన్నదంతా పెదనాన్నకు చెప్పాను. అరవలేదు, మెల్లగానే చెప్పాను.

"అమ్మవారి మీదకి నెడతావేంట్రా నెపం?" అన్నాడు. "సాలీడు విషం కంట్లోకి దిగింది. మంట మొదలైన రోజే నాకు చెప్పుంటే నా చేతిలోనే పోయేది. దాచిపెట్టుకుంది."

అక్క పక్కనే మంచం మీద ఉంది. వింటోంది. ఆ దాచిపెట్టుకుందన్న మాట ఆ రోజు నుంచి ఆమె మీద పడింది, ఎవరూ తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న చీపురు కట్టిన పొడుగు కర్ర తీసుకుని మందుల గోడ ముందు నిలబడ్డాడు. నా చేతిలోంచి లాక్కున్న కర్రే. గోడంతా కొట్టాడు. పటాలు దింపి, క్యాలెండరు చించి, దూలాల సందుల్లో పొడిచి పొడిచి కింద పడేశాడు. పడినవాటిని చెప్పుతో కొట్టాడు. పంచె ఊడిపోతున్నా చూసుకోలేదు. ఒకటి పొట్ట కింద తెల్లబిళ్ళ పట్టుకుని గడప వైపు పరుగెత్తింది. రెండు కాళ్ళు తెగిపోయినా బిళ్ళ వదల్లేదు. వదిలేస్తే తప్పించుకునేదే. ఆయన దాన్ని కూడా కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను ఆయన ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. ఆయన బాధ దొంగ బాధ అని నేను ఏనాడూ అనలేదు. ఆ బాధంతా తీసుకెళ్ళి ఎవరి మీద పెట్టాడన్నదే నా పేచీ.

తర్వాత గోడకు సిమెంటు పూయించాడు. అక్క చిన్నప్పటి నుంచి అడిగిన సిమెంటు. వానలు మొదలవగానే సాలీళ్ళు మళ్ళీ వచ్చాయి, వేరే గోడకు.

అప్పటి నుంచి మా ఇంట్లో కథ ఒకటి స్థిరపడింది. కొత్తగా వచ్చిన చుట్టాలకు అమ్మ చెబుతుంది: ఉక్కపోతకు గోడ పక్కన పడుకుంది, సాలీడు పాకింది, చెప్పకుండా ఊరుకుంది, కన్ను పోయింది. మేనకోడలు బళ్ళో చేరాక "మా అమ్మ కన్ను సాలీడు తినేసింది" అని చెప్పుకుంది. ఏ పిల్లవాడి చేతి మీద చిన్న పొక్కు లేచినా "అత్తకి అయినట్టవుద్ది, జాగ్రత్త" అని మా అక్కను చూపిస్తారు. అక్క అక్కడే ఉంటుంది.

జాకెట్లు కుట్టడం మానలేదు. సూదిలోకి దారం ఎక్కించడానికి పిచ్చుకలా తల పక్కకు వంచుతుంది. దారం సూది పక్క నుంచి పోతుంది, మళ్ళీ తడి చేసుకుంటుంది. మేమెవరమైనా ఎక్కిస్తామంటే ఇవ్వదు. కొందరు చల్లపల్లి వెళ్ళి కుట్టించుకోవడం మొదలుపెట్టారు, మొహమాటానికి అక్కకు చెప్పకుండా. ఎండాకాలం ఉక్కలో కూడా దోమతెర చుట్టూ పరుపు కిందికి దోపుకుని, నిండా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. బావ ఇంకెప్పుడూ హాస్యమాడలేదు. కొబ్బరికాయ వలిస్తే పీచు పెరటి గోడ అవతల పారేసి వస్తాడు.

ఇంకొకటి జరిగింది, దాన్ని నేనొక్కణ్ణే గమనించాను. పురుగు ముట్టిందని జనం వస్తూనే ఉన్నారు. పెదనాన్న వాళ్ళకు పసరు ఇస్తూనే ఉన్నాడు. కానీ వేపాకు నమిలించడం మానేశాడు. "ఆకు ఇవ్వలేదేంటండీ?" అని ఒకాయన అడిగితే, "అక్కర్లేదు" అన్నాడు. ఎందుకు అక్కర్లేదు? నేను అడిగాను. వినపడనట్టు లేచిపోయాడు. ఆయనకు చెవులు బాగా పనిచేస్తాయి.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, మేనకోడలు పెద్ద క్లాసుల్లోకి వచ్చాక, దానికి ఆటలమ్మ పోసింది. చూసి రావడానికి గుడివాడ నుంచి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు కట్టారు, మంచం నిండా వేపాకు పరిచారు. మధ్యాహ్నం, పిల్ల నిద్రపోతోంది. అక్క పక్కన కూర్చుని వేపరెబ్బతో మెల్లగా విసురుతోంది. విసురుతూ విసురుతూ ఒక ఆకు తుంపి నోట్లో వేసుకుంది.

"చేదుగానే ఉంది" అంది.

"వేపాకు చేదుగా కాక ఎట్టా ఉంటది?" అన్నాను.

"అప్పుడు కూడా చేదుగానే ఉందిరా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగాను. "మరి లేదన్నావేం?"

ఆమె కుడి కన్ను పిల్ల మీదే ఉంది. "ఉందంటే ఏమయ్యేది? ఏం లేదు పొమ్మని పెదనాన్న లేచిపోయేవాడు. మళ్ళీ నాటకం అనేవాళ్ళు. మీ బావ పీచు తెచ్చేవాడు. నేనేమో మంటతో చచ్చిపోతున్నాను. ఆ రోజు అందరూ నా చుట్టూ నిలబడి నా మొహంలోకి చూశార్రా. పెదనాన్న నన్ను అమ్మా అన్నాడు. చేదుందని ఎట్టా చెప్పను?"

నేనేదో అనబోయాను. అననివ్వలేదు.

"నా కన్ను నేనే పోగొట్టుకున్నాను. ఉందని ఒక్క మాటంటే మందు పడేది కాదు, నువ్వు బందరు తీసుకెళ్ళేవాడివి. ఇంకెవర్నీ ఏమీ అనకు. ఇంక ఈ పేచీ ఆపెయ్యి."

ఇన్నేళ్ళూ ఆమె దుప్పటి కప్పుకుని పడుకున్నది సాలీడుకు భయపడి అనుకున్నాం. సాలీడు భయం ఉంది, అది పోలేదు. దాంతోపాటు ఇది కూడా మోస్తోంది. సాలీడు చేసిందని ఇల్లంతా అంటుంటే, నేనే చేసుకున్నానని తను అనుకుంటూ కూర్చుంది. నిజంగా చేసినవాళ్ళ లెక్కలోకి ఎవరూ రాలేదు.

అక్కా, నువ్వు ఆపమన్నావు. నేను ఆపలేదు, చూస్తున్నావుగా. ఎవరికీ చెప్పొద్దన్నది పదిమందికీ చెప్పేశాను. కోపమొస్తే రానీ. ఆ ఆకు చేదుందని నువ్వు చెప్పలేకపోవడం నీ తప్పు కాదు. ఒక మనిషి భయపడితే ఏళ్ళ తరబడి నవ్వి, చివరికి నమ్మడానికి ఆమె నోట్లో వేపాకు పెట్టిన ఇల్లు అది.

ఆ మధ్యాహ్నమే పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. వసారాలో పడకకుర్చీలో ఉన్నాడు. "పెదనాన్నా, ఆ రోజు ఆకు చేదుగానే ఉందట" అన్నాను. ఆయన నావైపు చూడలేదు. సిమెంటు పూసిన గోడ వైపు చూశాడు. పెదవులు కదిలాయి. చెబుతాడనుకున్నాను. "మీ అమ్మని కాస్త మజ్జిగ తెమ్మను" అన్నాడు.

మజ్జిగ వచ్చింది, తాగాడు. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పెదనాన్నా, ఇది అచ్చయ్యాక మేనకోడలి చేత మీకు చదివిస్తాను. దానికి మీరంటే భయం లేదు, చివరి దాకా చదువుతుంది. మీరు నన్ను పెంచారు, కాదనను. మీరు నాకు జవాబు చెప్పక్కర్లేదు. నన్ను పేచీకోరనే అనుకోండి. మీ వసారాలోనే, నట్టనడుమ మిషన్ ముందు అక్క కూర్చుని ఉంటుంది. ఈ వేళ కూడా సూదిలోకి దారం ఎక్కకపోయి ఉంటుంది. లేచి వెళ్ళి ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చోండి, ఆ రోజు కూర్చున్నట్టే. కన్ను పోయింది సాలీడు వల్ల కాదనీ, నీ వల్ల కాదనీ, ఏరు దాటనివ్వనిది నేననీ చెప్పండి. ఆకు నమిలించడం ఎందుకు మానేశారో అది కూడా చెప్పండి.

మజ్జిగ తర్వాత తాగొచ్చు. ముందు జవాబు చెప్పండి.